పోయినాడు

నేను 'పోయినాడు' అనే మాట మానేశాను. నాయన పొలానికి బయల్దేరితే 'పొలానికెళ్ళాడు' అంటాను. నా టైలరింగ్ షాపుకొచ్చే ఆడవాళ్ళకు అదొక నవ్వులాట. "ఏంది రజినీ, ఒంగోలు దొరసానివైనావే!" అని జాకెట్ కొలతలిస్తూ ఎగతాళి చేస్తారు. చెయ్యనీ. మామూలుగా అయితే నా నోటికి మా వీధిలో ఎదురులేదు, ఒకటంటే నాలుగంటాను. దీనికి మాత్రం జవాబు చెప్పను. చెప్పాలంటే ఆ చలికాలమంతా చెప్పుకురావాలి.

ఆ చలికాలం మా మార్కాపురంలో ఎవరి నోట విన్నా రెండే మాటలు. జిల్లా, కబడ్డీ. కొత్త జిల్లా వస్తుందని వార్తలు మొదలైనప్పట్నుంచి మా నాయన కొండయ్య కాలు నేల మీద నిలవలేదు. కందిచేలో ఉన్నా జేబులో ఫోను వాగుతూనే ఉండేది. ఇంటికొచ్చి కాళ్ళయినా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని ప్రతి వార్తా పైకి చదివేవాడు, వీధికంతా వినపడేలా. చదివినదల్లా నమ్మేవాడు. 'ఫోన్లో వచ్చింది' అన్నాడంటే ఇక దేవుడొచ్చి కాదన్నా వినడు.

మా అమ్మ కృష్ణవేణమ్మ పుట్టిల్లు గిద్దలూరు. నాయనకు అంతకన్నా ఏం కావాలి!

"ఇన్నావా కృష్ణవేణీ? ఇంగ మీ గిద్దలూరోళ్ళు ఏ పని కావాలన్నా మా ఊరికే రావాల."

"వస్తాంలే. రైలెక్కాలంటే మీరు యాడికి పోతారో అది చెప్పు ముందు. పేరుకు మార్కాపురం రోడ్డంట! ఊరొక కాడ, స్టేషనొక కాడ. మా ఊళ్ళో రైలు కూతేస్తే పొయ్యి కాడికి వినపడతాది."

"కూతంటే గుర్తొచ్చింది. మీ కూతగాడు పుల్లన్న ఈసారి మావోడి చేతిలో అయిపోతాడు చూడు."

మావోడంటే నా తమ్ముడు శివనాగరాజు. ఇంట్లో నాగరాజు అంటాం. మార్కాపురంలోనే డిగ్రీ చదువుతున్నాడు, కాలేజీ జట్టులో మూల మీద నిలబడి పట్టు పట్టేది వాడే. ఒళ్ళు చూస్తే ఎద్దు, మనసు చూస్తే దూడ. ఇంట్లో కోడిని కోస్తుంటే చేలోకి వెళ్ళిపోయి, కూర ఉడికాక వస్తాడు. తినడానికి మాత్రం మొహమాటం లేదు. మా ఇంటికి రావాల్సిన నోరంతా నాకే వచ్చింది, వాడికి మిగల్లేదు.

గిద్దలూరు కాలేజీతో మా కాలేజీకి కబడ్డీ పోటీ ఏటా ఉండేదే. ఓడిన ఊరి వాళ్ళు గెలిచిన ఊరి బస్సెక్కితే కండక్టరు కూడా వెక్కిరిస్తాడు. రెండేళ్ళుగా మేమే ఓడుతున్నాం, ఆ పుల్లన్న వల్ల. నల్లమలలో గూడెం పిల్లాడు, హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. సన్నగా, చీపురుపుల్లలా ఉంటాడు, కూతకొస్తే మాత్రం ఎవరికీ దొరకడు. నాగరాజు ఆ ఏడాదంతా వాడి వీడియోలు పెట్టుకుని, ఆపి ఆపి చూశాడు. నేను బనియన్ల మీద నంబర్లు కుడుతుంటే పక్కన కూర్చుని నాకూ చూపించాడు.

"ఇట్ల చూడక్కా. కుడికాలు ముందేసినంక ఎడమ కాలు ఒక్క లిప్త ఆగుతాది. ఆ ఎడమ చీలమండే."

"పట్టుకో పోరా. చూడ్డం కాదు, పట్టుకోవాల."

"ఎంత బాగా ఆడతాడక్కా వాడు," అన్నాడు, నేనన్నది వినకుండా.

వాడి బనియన్ మీద ఏడో నంబరు పచ్చ గుడ్డతో కుట్టి, అంచు చుట్టూ తెల్లదారం పోశాను. దూరంనుంచి కూడా కొట్టొచ్చినట్టు కనపడాలని.

మ్యాచ్ మా కాలేజీ గ్రౌండులో జరిగింది. మ్యాటు దొరకలేదని మట్టి మీదే ఆడించారు. నీళ్ళు చల్లి తొక్కించిన నేల ఎండకు గట్టిపడి ఉంది. షామియానా కింద ఆడవాళ్ళకు కుర్చీలు వేశారు. ఒక పక్క మా పిల్లలు "జిల్లా ఎవరిది?" అంటే "మాది!" అని అరుస్తున్నారు. ఇంకో పక్క గిద్దలూరు పిల్లలు "రైలెవరిది?" అని అందుకుంటున్నారు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ, చిన్నగా "మాది" అంది. నాయన తువ్వాలు గాల్లో తిప్పుతున్నాడు, ఆయనకిక పక్కన ఎవరున్నారో కూడా తెలియదు.

ఆఖర్లో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. పుల్లన్న కూతకొచ్చాడు. వాడి కూత సన్నగా, తెగకుండా, తేనెటీగ రొద లాగా ఉంటుంది. అంత గోలలోనూ నాకు వినపడింది. మా వాళ్ళ మధ్యకొచ్చి, ఒకణ్ణి తాకి, వెనక్కి తిరిగాడు. కుడికాలు ముందేశాడు. ఎడమ కాలు ఒక్క లిప్త ఆగింది.

నాగరాజు వంగి చీలమండ అందుకున్నాడు. మొరటు పట్టు కాదు, మోసం పట్టు అంతకన్నా కాదు. మిగతావాళ్ళు మీద పడ్డారు. కూత ఆగింది, ఈల మోగింది. గ్రౌండంతా లేచి గంతులేసింది. నేనూ వేశాను, ఎందుకు దాచాలి. మీద పడ్డవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. పుల్లన్న లేవలేదు. చెవి పక్కనుంచి సన్నగా నెత్తురు మట్టిలోకి దిగుతోంది. నాగరాజు ఇంకా వాడి చీలమండ వదల్లేదు. ఎవరో వచ్చి వేళ్ళు విడదీయాల్సి వచ్చింది.

ఆ తర్వాత రాళ్ళు, కుర్చీలు, బూతులు. మా వాళ్ళు వాళ్ళని కొట్టారు, వాళ్ళు మా వాళ్ళని కొట్టారు. 108 బండి వెళ్తుంటే నాగరాజు ఒట్టికాళ్ళతో దాని వెనక గేటు దాకా పరిగెత్తాడు. గిద్దలూరు పిల్లలెవరో చొక్కా పట్టుకుంటే, పీఈటీ సారు విడిపించి ఇంటికి పంపించారు.

ఇంటికొచ్చి ఆ మట్టి బనియన్ తోనే వంటింటి గడప మీద కూర్చున్నాడు. అమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. పట్టుకున్నాడుగానీ తాగలేదు.

"ఆటలో తగిలింది నాయనా. నువ్వేమన్నా కావాలని చేసినావా?" అంది అమ్మ.

"ఊపిరాడుతాంది కదమ్మా? ఎత్తేటప్పుడు నువ్వు చూసినావు కదా? ఆడుతాంది కదా?"

"ఆడుతాంది. నేను చూసినా," అన్నాను నేను. నేను చూడలేదు.

నాయన అరుగు మీద ఉన్నాడు. ఆ పూట గొంతు తగ్గించే ఉన్నాడు పాపం, కానీ ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది! ఫోను చేతిలోకి రాగానే నోరు దానంతటదే చదివింది. "కబడ్డీ కోర్టులో ఘోరం. గిద్దలూరు విద్యార్థి మృ..." అని ఆగాడు. ఆగినా లాభమేముంది, ఇల్లెంత, అరుగెంత! నాగరాజు లేచెళ్ళి ఆయన చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. నేను వాడి భుజం మీదుగా చూశాను. 'ప్రాణం తీసిన పట్టు' అని ఎర్రక్షరాలు. ఎవరో తీసిన వీడియోను నెమ్మది చేసి, మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నారు. నాగరాజు వంగడం, చెయ్యి చాపడం. వాడి చుట్టూ ఎర్రటి సున్నా చుట్టారు. సున్నా మధ్యలో నేను కుట్టిన ఏడు.

ఫోను నాయనకు తిరిగిచ్చేశాడు. చెంబు జాగ్రత్తగా కింద పెట్టాడు.

"అమ్మా, అట్ల బయటికి పోయొస్తా."

"చలిగా ఉండాది, స్వెట్టరేసుకో నాయనా," అంది అమ్మ.

మట్టి బనియన్ విప్పేసి, చొక్కా తొడిగి, పైన స్వెట్టరు వేసుకున్నాడు కూడా. పీఈటీ సారు దగ్గరికేమో అనుకున్నాం. వాడి ఫోను లోపల చార్జింగులోనే ఉంది.

తెల్లారేసరికి ఏలీయా వచ్చాడు. మార్కాపురంలో పుల్లన్నను ముందు తీసుకెళ్ళిన ఆసుపత్రికి వాచ్‌మన్, నాయనకు చిన్నప్పట్నుంచి ఎరిక. అప్పటికి మేము నాగరాజు కోసం కాలేజీ, బస్టాండు, చేలు అన్నీ తిరిగొచ్చి ఇంటి ముందు నిలబడి ఉన్నాం.

"కొండయ్యన్నా, ఆ పిల్లోడు బతికే ఉండాడు!" అన్నాడు సైకిలు దిగకుండానే.

మాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తలకు దెబ్బ తగిలింది నిజమే, స్పృహ లేనిదీ నిజమే. అక్కడ కుదరదని రాత్రే గుంటూరుకు పంపించారట. తెల్లవారుజామున కళ్ళు తెరిచి నీళ్ళడిగాడని అక్కణ్ణుంచి ఫోనొచ్చిందట.

"మరి ఫోన్లో అట్ల వేసినారే?" అన్నాడు నాయన.

ఏలీయా తలకు చుట్టుకున్న మఫ్లర్ తీసి మొహం తుడుచుకున్నాడు. "ఆ చానలాయన నాకే ఫోన్ చేసినాడన్నా. ఒంగోలాయన. యాక్సిడెంట్లప్పుడు నన్నే అడుగుతుంటాడు. కబడ్డీ పిల్లోడు ఉన్నాడా అన్నాడు. లేడు సార్, పోయినాడు, ఇంతకు ముందే పోయినాడు అన్నా. గుంటూరికని చెప్పేలోపల పెట్టేసినాడు. ఇంగేమనాలన్నా నేను? పోయినాడనే కదా అంటాం!"

అంటూ ఏడ్చాడు, అంత మనిషి. అమ్మే ఆయన్ను ఓదార్చింది.

"నువ్వన్నదాంట్లో తప్పేముందన్నా? ఊరికి పోయినోణ్ణి పోయినాడనక ఏమంటాం? మాదీ అదే మాట."

నాకు ఓదార్చే గుణం లేదు. ఆ చానల్ నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. ఎవరో కుర్రాడు ఎత్తాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"తెలిసిందండీ. అందుకే వీడియో తీసేశాం కదండీ."

"తీసేస్తే మా తమ్ముడికెట్ల తెలుస్తాది? చచ్చినాడని చెప్పినోళ్ళు బతికినాడని చెప్పరా?"

"సారీ అండీ. కింద స్క్రోలింగ్ ఇస్తాం."

"చచ్చింది తెరంతా, బతికింది కిందా? ఏ బళ్ళో నేర్చుకున్నారయ్యా ఈ న్యాయం?"

"మేడం, బతికున్నాడనే వార్త ఎవరూ చూడరండీ," అన్నాడు. పొగరుతో అనలేదు, ఉన్నదే చెప్పాడు. పెట్టేశాక నేను తిట్టాల్సిన తిట్లన్నీ మిషను ముందు కూర్చుని గోడను తిట్టాను.

వాళ్ళు తీసేశారేగానీ, అప్పటికే అది ఊళ్ళు దాటింది. మావాళ్ళు మీసాలు మెలేసే పాట పెట్టి పంచుకున్నారు, గిద్దలూరు వాళ్ళు ఏడుపు పాట పెట్టి పంచుకున్నారు. కింద మళ్ళీ జిల్లా గొడవ, రైలు గొడవ. 'మార్కాపురం హంతకుల్లారా' అని ఒకడు, 'దమ్ముంటే జిల్లాకు రండి' అని ఇంకొకడు. ఆ ఎర్ర సున్నాలో ఉన్నవాడికి ఒక ఇల్లుందని ఎవరికీ పట్టలేదు. నాయన గోడకు ఆనుకుని అవన్నీ చదివాడు, పెదాలు కదలకుండా. ఆయన లోపల్లోపల చదువుకోవడం అదే మొదటిసారి చూశాను. చదివి చదివి, ఒకరోజు ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాడు. అదేదో ఎలుక అన్నట్టు.

పోలీసులకు కంప్లయింట్ ఇచ్చాం. చుట్టాల ఇళ్ళన్నీ వెతికాం. ఎవరో త్రిపురాంతకం గుడి దగ్గర చూశామన్నారు, ఇంకెవరో గిద్దలూరు స్టేషన్లో స్వెట్టరేసుకున్న పిల్లాడన్నారు. చలికాలంలో స్వెట్టరు వెయ్యని పిల్లాడెవడు?

జిల్లా వచ్చిన రోజు ఊరంతా టపాసులు. మా వీధిలో కూడా మిఠాయి పంచారు. నాయన ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన రోజది. తలుపేసుకుని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. ఆ టపాసుల మోతలో ఎవరో తలుపు తట్టారు. తీస్తే గుండు, చెవి వెనకనుంచి పైకి కుట్లు, చేతిలో తేనె సీసా.

"నేనమ్మా... పుల్లన్నని," అన్నాడు.

అమ్మ రెండు చేతులతో వాడి మొహం తడిమింది, ఊపిరి తగిలే దగ్గర చెయ్యి పెట్టి కాసేపు అక్కడే ఉంచింది. "మా ఊరి పిల్లోడివి. రా నాయనా, లోపలికి రా," అంది.

వాడు అన్నం ముందు కూర్చుని తినలేకపోయాడు. "అన్న తప్పేం లేదమ్మా. పట్టు బాగానే పట్టినాడు. నేనే కాలు ఇడిపిచ్చుకోవాలని ఎగిరినా. ఆసుపత్రిలో కళ్ళు తెరిచినంక ముందు అన్ననే అడిగినా, నన్ను పట్టినోడు యాడ అని. ఎవరూ చెప్పలా. అన్న ఇల్లిడిచిన సంగతి ఇంటికి పోయినంక తెలిసింది."

నేను వాడి వీడియో తీశాను. మా గుమ్మంలో నిలబెట్టి, కుట్లు కనపడేలా. "నాగరాజన్నా, నేను పుల్లన్నని. బతికే ఉండాను. నీ మీద ఏం కేసు లేదు. ఇంటికి రా అన్నా, మళ్ళీ ఆడదాం," అన్నాడు. మళ్ళీ ఆడదామన్నది అబద్ధం. కూత పెడితే తల తిరుగుతుందట, డాక్టర్లు ఆడొద్దన్నారట. నేను ఆ వీడియోను తెలిసినవాళ్ళకీ, తెలియనివాళ్ళకీ, రెండు కాలేజీల గ్రూపుల్లోనూ పంపాను. బొటనవేళ్ళు వచ్చాయి, దండాలు వచ్చాయి. ఎవరూ ముందుకు పంపలేదు. నాగరాజుతో ఆడిన పిల్లాణ్ణి నిలబెట్టి అడిగితే, "ఇందులో ఏముందక్కా, మామూలుగా నిలబడి మాట్లాడతాండాడు," అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. వాడు కూడా పిల్లాడే.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పుల్లన్న గిద్దలూరు బస్సులో వచ్చేవాడు. పొద్దున వచ్చి, అమ్మ పెట్టింది తిని, ఆమె ఫోను దగ్గర కూర్చునేవాడు.

"అన్న ఫోన్ చేస్తే నాకియ్యండమ్మా. మీరు చెప్తే ఇంటికి రప్పించడానికి అంటున్నారనుకుంటాడు. నా గొంతు వింటే నమ్ముతాడు."

అమ్మకు ఆ మాట మంత్రంలా పట్టుకుంది. ఎవరి ఫోనొచ్చినా ముందు పుల్లన్న వైపు చూసేది. వాడు మంచినీళ్ళకు లేచినా, "యాడికి పోతావు, కూచో," అనేది.

శివరాత్రికి మేమంతా దోర్నాల వెళ్ళాం. శ్రీశైలం దారి పట్టే వాళ్ళందరూ ఆ కూడలి దాటాల్సిందే. శివుడి పేరు పెట్టుకున్న పిల్లాడు, అంత పాపం నెత్తినేసుకున్నవాడు, ఆ కొండకు రాకుండా ఉంటాడా అని నాయన ఆశ. రోడ్డు పక్క హోటల్ దగ్గర నిలబడి, నడిచొచ్చే ప్రతి కుర్రాడి మొహమూ చూశాం. నాయన ఫోటో చూపించి అడుగుతున్నాడు. పుల్లన్నేమో గుండు మీద తువ్వాలు తీసేసి, చలిలో కుట్లు కనపడేలా రోడ్డు నడిమధ్య నిలబడ్డాడు. ఎందుకురా అంటే, "మనకు కనపడకపోయినా అన్నకు నేను కనపడతా కదక్కా," అన్నాడు. నాకప్పుడు ఏడుపాగలేదు. జనం 'ఓం నమశ్శివాయ' అంటూ వాడి పక్కనుంచి చీలి వెళ్ళారు. ఒకాయన వాడి చేతిలో అరటిపండు పెట్టాడు, ముష్టివాడనుకుని.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం కూడా పుల్లన్న వచ్చాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. హాస్టల్లో ఏదో పరీక్ష ఉందని తొందరగా లేచాడు. అమ్మ ఉండమంది. వాడు ఉందామా వద్దా అని నా వైపు చూశాడు. "చదువు పాడుచేసుకుంటావా, లెయ్యి," అని నేనే స్కూటీ తీశాను. బస్టాండులో బస్సు కదిలేదాకా ఉండి, తిరిగొచ్చాను.

అమ్మ వీధిలోకి వచ్చి నిలబడి ఉంది. చేతిలో ఫోను. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"రజినీ! మాట్లాడినాడే! నా కొడుకు మాట్లాడినాడు!"

స్కూటీ స్టాండు కూడా వెయ్యలేదు నేను. పక్కింటి రాఘవమ్మత్త పట్టుకుంది దాన్ని.

"ఏమన్నాడు? యాడున్నాడు? మొత్తం చెప్పమ్మా."

"అమ్మా అన్నాడు. ఎట్లుండావమ్మా అన్నాడు. బాగుండాను నాయనా అన్నా. తర్వాత ఆ గిద్దలూరు పిల్లోడు అమ్మా... అన్నాడు. చూసినావా, వాడి మనసులో అదే! ఇంత పొద్దూ కూచోని, నువ్వు తీస్కపోయినంకనే ఫోన్ రావాలా? నాకు ప్రాణం ఉసూరుమనింది."

"నువ్వేమన్నావు?"

"ఉన్నమాటే చెప్పినా. పోయినాడు నాయనా, ఇంతకు ముందే పోయినాడు అన్నా. నీ కోసం ఎంత ఎదురుచూసినాడో అని చెప్పబోతాంటే కట్టయింది. మళ్ళీ చేస్తాడులే. నా గొంతు విన్నాడు కదా, ఇంగ ఆగడు."

ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. ఎన్నాళ్ళ తర్వాతో ఆ మొహంలో వెలుగు.

ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళి ఆ నంబరుకు చేశాను. ఎవరో మగమనిషి. వెనక రైళ్ళ గోల.

"అన్నా, ఇప్పుడు ఈ నంబరు నుంచి ఒక పిల్లోడు మాట్లాడినాడు..."

"అవునక్కా. గుంతకల్లు స్టేషన్లో టీ అమ్ముతా నేను. ఒక్క ఫోన్ చేసుకుంటానంటే ఇచ్చినా."

"ఉన్నాడా? ఒక్కసారి ఇవ్వన్నా, నీకు దండం పెడతా."

"పోయినాడక్కా. ఏదో బండి కదలతాంటే ఎక్కేసినాడు." ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "మీ ఇంట్లో ఎవరన్నా పోయినారా అక్కా? ఫోన్ చేతిలో పెట్టి, ఆ బల్ల మీద కూచోని ఒకటే ఏడుపు. టీ ఇచ్చినా తాగలా."

"ఎవరూ పోలేదన్నా," అన్నాను. "ఎవరూ పోలేదు. మళ్ళీ కనపడితే ఆ మాటే చెప్పు. ఎవరూ చావలేదని చెప్పు."

"అట్లనే అక్కా," అన్నాడు. ఏ బండో, ఎటు వెళ్ళే బండో ఆయన చూడలేదట.

నాయన చేలోంచి రాగానే పెరట్లోకి పిలిచి చెప్పాను. ఆయన ఒకటే అడిగాడు.

"ఆ మాటే అనిందా?"

"ఆ మాటే."

బాయి గట్టు మీద కూర్చున్నాడు. లోపల అమ్మ రాఘవమ్మత్తకు మొదట్నుంచి చెబుతోంది, 'అమ్మా అన్నాడు' దగ్గర్నుంచి. నాయన ఆ గొంతు వింటూ కూర్చుని, చివరికి, "దానికి చెప్పొద్దు," అన్నాడు. లేచెళ్ళి బియ్యం డబ్బాలోంచి ఫోను తీశాడు. గింజలు దులిపి నా చేతికిచ్చాడు.

"ఆ పిల్లోడి వీడియో ఇందులో ఏసియ్యి. పెద్దగా వినపడేటట్ల పెట్టు. గిద్దలూరులో రైలెక్కుతా."

గుంతకల్లు దిగి ఎటు వెళ్తావని నేను అడగలేదు. అమ్మ నాగరాజు ప్యాంటూ చొక్కా సంచిలో పెట్టింది, మాసినవి వేసుకుని ఉంటాడని. పచ్చ ఏడో నంబరు బనియన్ కూడా పెట్టబోతే నేను తీసేశాను. నాయన బస్సుకు వెళ్ళాక ఆమె వంటింట్లోకి వెళ్ళి, రేపటి దోసెలకు బియ్యం నానబోసింది, వాడికిష్టమని. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"రజినీ," అంది, బియ్యం కడుగుతూ, నా వైపు తిరక్కుండా. "పుల్లన్నకు ఫోన్ చేసి చెప్పవే. వచ్చే ఆదివారం అంత తొందరగా పోవద్దని."

"సరేమ్మా, చెప్తా," అన్నాను.